ఉప్పుకు సారపప్పు బేరం ఇంకెన్నాళ్లు?

బస్తర్ అడవిలో దొరికే ప్రతి వస్తువుకూ ఒక రేటు ఉంది. యాభై ఆకుల తునికాకు కట్టలు వెయ్యి చేరితే ఒక ప్రామాణిక సంచి అవుతుంది. ఆ సంచికి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం చెల్లించే ధర 2019లో 2,500 రూపాయల నుంచి 4,000కు, 2024లో 5,500 రూపాయలకు పెరిగింది. అంటే కట్ట ఒక్కింటికి అయిదున్నర రూపాయలు. 2020లో కేంద్రం సవరించిన మద్దతు ధరల ప్రకారం ఇప్పపువ్వు కిలో 30 రూపాయలు, గింజతో ఉన్న చింతపండు కిలో 36 రూపాయలు. బైలాడిలా కొండల్లో తవ్వి తీసే ఇనుప ఖనిజానికి టన్నుకు ఎంతో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఎప్పటికప్పుడు బహిరంగంగా ప్రకటిస్తుంది. ఆకుకు, పువ్వుకు, రాయికి ధర ఖరారు చేయడం తెలిసిన ఈ సీమలో ఒక్క పనికి మాత్రం నేటికీ నలుగురికీ తెలిసిన రేటు లేదు. తెల్లవారకముందే ఊరి చివరి బస్తీ నుంచి నడిచి వచ్చి, పరాయి ఇంట అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, బట్టలు ఉతికి వెళ్లే స్త్రీ శ్రమకు ఎంత చెల్లించాలన్నది ఆ ఇంటి యజమాని మనసును, ఆమె అవసరాన్ని బట్టి తేలిపోతున్నది.

ఈ ముచ్చట తెలుగువారికి పొరుగింటి వ్యవహారం కాదు. ఓరుగల్లు పతనానంతరం కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి రాజ్యం స్థాపించిన నేల ఇది. గనులు తవ్వే సంస్థకు ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. 1968లో బైలాడిలాలో ఉత్పత్తి మొదలైన నాటినుంచి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం ఆ ఖనిజాన్ని విశాఖపట్నానికి చేరవేస్తూనే ఉంది. అదే దారిన ఉద్యోగులుగా, వర్తకులుగా, గుత్తేదారులుగా వెళ్లిన తెలుగు కుటుంబాలు కిరండూల్, బచేలీ, జగదల్‌పూర్‌లలో స్థిరపడ్డాయి. ఆ ఇళ్లలో పాచిపని చేసే గిరిజన స్త్రీని ‘బాయి’ అని పిలిచి జీతం కుదుర్చుకునేవారిలో మనవారూ ఉన్నారు. కనుక ఈ లెక్క తేల్చడంలో మనకూ బాధ్యత ఉంది.

ప్రస్తుతం జీతం కుదిరే తీరు అందరికీ తెలిసినదే. కొత్తగా కాపురం పెట్టిన ఇల్లాలు పొరుగింటివారు ఎంత ఇస్తున్నారో విచారిస్తుంది. అంట్లకు ఇంత, ఊడ్పుకు ఇంత, బట్టలకు ఇంత అని పనుల లెక్కన ఒక మొత్తం ఖాయమవుతుంది. ఆ పనులకు ఎన్ని గంటలు పడతాయో ఎవరూ లెక్కించరు. ఇంటికి చుట్టాలు వస్తే అంట్లు రెట్టింపవుతాయి, జీతం కాదు. పండుగకు బూజులు దులపడం, వడియాలు ఎండబెట్టడం, పిల్లవాణ్ని బడి వద్ద దింపి రావడం క్రమంగా ఆ పాత మొత్తంలోనే కలిసిపోతాయి. జ్వరంతో నాలుగు రోజులు రాకపోతే జీతం కోత పడుతుంది. యజమానులు నెల రోజులు సొంతూరికి వెళ్తే ఆ నెల జీతమే ఉండదు. ఇన్నిటికీ బదులుగా రాత్రి మిగిలిన కూర, పాతబడిన చీర ఆమె చేతిలో పెడతారు. అది ఉదారతగానే చెలామణి అవుతుంది.

బస్తర్‌కు ఈ బేరం కొత్తది కాదు. వారపు సంతల్లో వర్తకులు ఉప్పు కొలిచి ఇచ్చి, దానికి బదులుగా గిరిజనుల వద్ద సారపప్పు కొలిపించుకున్న వ్యాపారం దశాబ్దాలపాటు సాగింది. ఉప్పు లేనిదే పూట గడవదు. సారపప్పుకు పట్నంలో ఎంత విలువ ఉందో అమ్మేవారికి తెలియదు. ఒకరి అవసరం, ఒకరి ఎరుక కలిసి తేల్చిన ఆ బేరాన్ని నేడు దోపిడీ అనడానికి ఎవరూ సందేహించరు. మిగిలిన కూరనూ పాత చీరనూ జీతంలో భాగంగా లెక్కగట్టడం ఆ సంత బేరానికి వంటింటి రూపమే. కూర పెట్టడం తప్పని ఎవరూ అనరు. పెట్టిన కూరను చూపి చేతికి ఇవ్వవలసిన డబ్బు తగ్గించడమే తప్పు.

‘పొరుగింటివారు ఇచ్చేదే బజారు ధర’ అన్న వాదన ఒకటి వినవస్తుంటుంది. బజారు ధర అనిపించుకోవాలంటే కొనేవారికీ అమ్మేవారికీ సమాన స్వేచ్ఛ ఉండాలి. ఆ స్వేచ్ఛ ఇక్కడ ఎవరికి ఉంది? యంత్రాల రాకతో బైలాడిలాలో వేలాది కాంట్రాక్టు కూలీల ఉపాధి ఊడిపోయి, అందుకు నిరసన తెలిపినవారిపై 1978 ఏప్రిల్‌లో కిరండూల్‌లో కాల్పులు జరిగిన చరిత్ర ఈ ప్రాంతానిది. 2005 తరువాతి హింసాకాండలో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయి, ఎందరో గోదావరి దాటి తెలుగు జిల్లాల అడవులకు చేరారు. ఏటా మిర్చి కోతల వేళ బీజాపూర్, సుక్మా పల్లెలనుంచి కూలీలు తెలంగాణకు వలస వస్తూనే ఉన్నారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ మిర్చి చేల నుంచి కాలినడకన ఇంటిదారి పట్టిన 12 ఏళ్ల బీజాపూర్ బాలిక స్వగ్రామానికి చేరువలో ప్రాణాలు విడిచిన ఉదంతం దేశాన్ని కలచివేసింది. ఉపాధి హామీ పనికి కేంద్రం 2025–26కు ప్రకటించిన రోజు కూలీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 307 రూపాయలు కాగా ఛత్తీస్‌గఢ్‌లో 261 రూపాయలే. ఇటువంటి పరిస్థితుల మధ్య పట్నానికి చేరిన స్త్రీ, గడపలో నిలబడి తన మాతృభాష కాని భాషలో బేరమాడి గెలుస్తుందని ఎవరూ నమ్మబలకనక్కరలేదు.

తునికాకు కథ ఇందుకు భిన్నంగా ఎందుకు నడిచిందో గమనించడం అవసరం. ఒకప్పుడు కాంట్రాక్టర్లు ఇచ్చిందే ధర. అటుపిమ్మట ఆకు కోసేవారు మూకుమ్మడిగా ప్రశ్నించారు. కట్ట ధర రాజకీయ సమస్యగా మారింది. ఎన్నికల వాగ్దానాల్లోకి ఎక్కింది. నేడు ఏ పార్టీ ప్రభుత్వమైనా ఆ ధరను తగ్గించే సాహసం చేయలేదు. ఆకు కోసే స్త్రీలు వందలాదిగా ఒకే కల్లం వద్ద కలుస్తారు. ఒకరికి ఎంత ముట్టిందో మరొకరికి తెలుస్తుంది. ఇంటిపని చేసే స్త్రీకి ఆ కల్లం లేదు. ఆమె ఒక్కతే, ఎదుట ఒక్క కుటుంబం, నడుమ మూసిన తలుపు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడిగితే రేపటినుంచి రావద్దంటారేమో అన్న భయం ఉన్నచోట అడిగేదెవరు? అందుకే ఈ శ్రమకు రేటు కట్టడం పూర్తిగా బేరానికి వదిలివేయతగినది కాదు. చట్టమూ, గృహస్థు వివేకమూ కలిసి చేయవలసిన పని ఇది.

చట్టం నడక మాత్రం నత్తను తలపిస్తున్నది. ఇంటి పనివారి సేవా నిబంధనల కోసం 1959లోనే పార్లమెంటులో ప్రైవేటు సభ్యుల బిల్లులు వచ్చాయి. ఏ ఒక్కటీ చట్టం కాలేదు. 1948 నాటి కనీస వేతనాల చట్టం షెడ్యూలులో చేరిన వృత్తులకే వర్తించేది. అందులో ఇంటిపనిని చేర్చే పనిని ఆయా రాష్ట్రాల దయకు వదిలేశారు. 2004లో కర్ణాటక, 2005లో కేరళ, 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ పని చేశాయి. 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం, 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఇంటి పనివారిని పేరుపెట్టి గుర్తించాయి. గృహ కార్మికులకు గౌరవప్రదమైన పని కల్పించాలంటూ 2011 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడికను ఆమోదించినప్పుడు భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది. దాన్ని ధ్రువీకరించే సంతకం మాత్రం నేటికీ పెట్టలేదు. జెనీవాలో చేయెత్తినవారు ఢిల్లీలో చేతులు ముడుచుకున్నారు.

2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. షెడ్యూలుతో నిమిత్తం లేకుండా ఉద్యోగులందరికీ కనీస వేతనం వర్తిస్తుందన్నది దాని సారాంశం. వినసొంపుగానే ఉంది. అయితే ఆ కోడ్ ప్రకారం ఉద్యోగి అంటే ఒక సంస్థలో జీతానికి పనిచేసేవారు. సంస్థ అంటే పరిశ్రమ, వ్యాపారం, వృత్తి వగైరాలు సాగే చోటు. నలుగురు కాపురముండే ఇల్లు ఆ నిర్వచనంలోకి వస్తుందా? దీనికి సూటి జవాబును చట్టం రాసినవారు ఇవ్వలేదు. కోట్లాది గడపలకు సంబంధించిన ప్రశ్నను సందిగ్ధంలో వదిలివేయడం బాధ్యత గల పాలకుల లక్షణం అనిపించుకోదు.

సర్వోన్నత న్యాయస్థానం సైతం ఈ లోటును ఎత్తిచూపింది. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గిరిజన మహిళ ఉద్యోగం ఇప్పిస్తామన్నవారి వెంట వెళ్లి, చివరకు డెహ్రాడూన్‌లోని ఒక ఇంట పనికి కుదిరిన ఉదంతంలో నడిచిన క్రిమినల్ కేసును 2025 జనవరిలో కోర్టు కొట్టివేసింది. అదే తీర్పులో ఇంటి పనివారికి రక్షణ కల్పించే ప్రత్యేక చట్టం లేకపోవడాన్ని ప్రస్తావిస్తూ, అందుకు తగిన చట్రం గురించి పరిశీలించేందుకు నిపుణుల సంఘాన్ని నియమించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఏజెంట్ల ఆగడాలను అరికట్టేందుకు ఛత్తీస్‌గఢ్ 2013లోనే ప్రైవేటు ప్లేస్‌మెంట్ ఏజెన్సీల నియంత్రణ చట్టం తెచ్చింది. దూరపు నగరాలకు తరలిపోయే ఆడపిల్లల గురించి చట్టం చేసిన ప్రభుత్వం, తన సొంత పట్టణాల్లో పనిచేసే తల్లుల జీతం గురించి అంతే శ్రద్ధ వహించాలి.

చట్టం వచ్చేదాకా గృహస్థు ఏమి చేయాలి? కొలబద్ద లేదనడం సాకు మాత్రమే. సాధారణ కూలి పనికి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ప్రకటించే కనీస వేతనం, ప్రాంతాన్ని బట్టి కొద్ది తేడాలతో, నెలకు పదివేల రూపాయల పైచిలుకు ఉంది. లెక్క సులువుగా ఉండేందుకు 10,400 అనుకుందాం. 26 పనిదినాలకు రోజుకు 400 రూపాయలు, ఎనిమిది గంటలకు గంటకు 50 రూపాయలు అవుతుంది. రోజుకు రెండు గంటల పని ఉన్న ఇంట నెలకు 52 గంటలు. ఆ లెక్కన జీతం 2,600 రూపాయలు. చాలామంది గృహస్థులు ఇక్కడితో లెక్క ముగిసిందని తృప్తిపడతారు. నిజానికి అసలు లెక్క ఇక్కడే మొదలవుతుంది.

ఒక ఇంటినుంచి మరో ఇంటికి నడిచే సమయానికి ఎవరూ జీతం ఇవ్వరు. ఇల్లాలు నిద్ర లేచేదాకా, నీళ్లు వచ్చేదాకా గడపలో వేచి ఉన్న సమయమూ అంతే. ఎనిమిది గంటలు ఇల్లు విడిచి తిరిగిన స్త్రీకి జీతం దక్కేది ఆరు గంటలకేనని అనుకుంటే, మూడు ఇళ్లలో రెండేసి గంటలు పనిచేసిన ఆమెకు చేరేది 7,800 రూపాయలు. కనీస వేతనానికి ఇంకా 2,600 తక్కువ. ఆ లోటు పూడాలంటే రోజుకు రావలసిన 400ను ఎనిమిదితో కాక ఆరుతో భాగించాలి. గంటకు దాదాపు 67 రూపాయలు వస్తుంది. రెండు గంటల పని ఉన్న ఇంటికి నెలకు సుమారు 3,470 రూపాయలు. మూడు ఇళ్లు కలిస్తే 10,400. ఇది ధర్మదాత లెక్క కాదు, కనీస వేతనపు లెక్క. దీనికి దిగువన ఇచ్చేదంతా ఆమె నడకనూ నిరీక్షణనూ ఉచితంగా వాడుకోవడమే.

జీతంతో పాటు మరికొన్ని అంశాలు ముందే తేల్చుకోవాలి. వారానికొక సెలవు ఆమె హక్కు కావాలి. పైన వేసిన 26 రోజుల లెక్కలో అది ఇమిడే ఉంది. జ్వరం వచ్చిన రోజులకు కోత ఉండరాదు. యజమానులు ఊరెళ్లిన రోజులకు జీతం ఆగరాదు, ఎందుకంటే పనికి రానన్నది ఆమె కాదు. ఏడాదికి ఒక నెల జీతం పండుగ బోనసుగా ఇవ్వడం న్యాయం. చట్టబద్ధమైన కనీస బోనసు 8.33 శాతం, అంటే పన్నెండింట ఒక వంతు. 75 రోజుల దసరా జరుపుకునే బస్తర్‌లో ఇందుకు తగిన వేళ కోసం వెతకనక్కరలేదు. చుట్టాలు వచ్చిన రోజు, పండుగ ముందు రోజు చేసే అదనపు పనికి గంటల లెక్కన అదనంగా ముట్టాలి. మాన్పించదలిస్తే నెల రోజులు ముందు చెప్పాలి, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. కరవు భత్యం ఏటా రెండు విడతలు సవరించుకునే ఉద్యోగి కుటుంబం, తన ఇంట పనిచేసే స్త్రీ జీతాన్ని ఏళ్ల తరబడి సవరించకపోవడం ఏ న్యాయం? ఉప్పు పప్పుల ధరలు ఇద్దరికీ ఒకేలా పెరుగుతున్నాయి కదా! పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు నుంచీ నిషిద్ధమన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు. ‘అన్నం పెట్టి, బట్టలిచ్చి చూసుకుంటున్నాం’ అన్న మాట ఆ నేరాన్ని కప్పిపుచ్చజాలదు.

ఇంత ఇస్తే మధ్యతరగతి గృహస్థు తట్టుకోగలడా అన్నది తరచుగా వచ్చే ఆక్షేపణ. తోసిపుచ్చతగిన ప్రశ్న కాదు. ఒక్క జీతంతో అద్దె, చదువులు, మందులు ఈడ్చుకొచ్చే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అయితే యజమానికి తాహతు లేదన్న కారణంతో కనీస వేతనం ఎగవేయడం చెల్లదని సుప్రీంకోర్టు 1961లోనే తీర్పు చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమేనని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో స్పష్టం చేసింది. ఆకలి కూడా మనిషిని నిర్బంధించే శక్తేనన్నది ఆ తీర్పు అంతరార్థం. స్తోమత చాలనివారు పని తగ్గించుకోవచ్చు, రేటు తగ్గించరాదు. రోజుకు రెండు గంటలు చేయించుకోలేకపోతే ఒక గంట చేయించుకొని, మిగిలిన అంట్లు ఇంటిల్లిపాదీ తోముకోవచ్చు. ఆ పనిలో చిన్నతనమేమీ లేదు. చిన్నతనమని భావించడం వల్లనే దాని విలువ ఇంత దిగజారింది.

జీతాలు పెంచితే పనులే దొరకవన్న మరో హెచ్చరిక ఉంది. తునికాకు ధర పెంచినప్పుడు బీడీ పరిశ్రమ మునిగిపోతుందన్నారు. ఆకు కొనేవారు కొంటూనే ఉన్నారు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లు పెరుగుతున్న రోజుల్లో పనిమనిషి అవసరం తరిగేది కాదు. ఆమె చీపురు పట్టిన రెండు గంటలే ఆ ఇంట మరొక జీతం రావడానికి వీలు కల్పిస్తున్నాయి. ఆ రెండవ జీతంతో పోల్చి చూస్తే ఆమెకిచ్చేది ఎంత స్వల్పమో గృహస్థుకే తెలుస్తుంది.

ప్రభుత్వాలు చేయవలసినది స్పష్టంగానే ఉంది. వేతనాల కోడ్ ఇంటిపనికి వర్తిస్తుందని కేంద్రం నిర్ద్వంద్వంగా ప్రకటించాలి. సుప్రీంకోర్టు కోరిన చట్రాన్ని కాగితాల కట్టల్లో మగ్గనీయక చట్టంగా తీసుకురావాలి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఇంటిపనికి నెల రేటుతో సరిపెట్టక, నడకనూ నిరీక్షణనూ కలుపుకొని గంట రేటు నిర్ణయించాలి. దాన్ని హిందీలోనే కాక హల్బీ, గోండీ భాషల్లోనూ సంతల్లో చాటించాలి. తునికాకు ధరను ఊరూరా చాటించే యంత్రాంగం ఇప్పటికే ఉంది. దానికి మరో మాట అదనం. తెలుగు రాష్ట్రాలకూ ఇందులో పాఠం ఉంది. 2007లో ఇక్కడ ప్రకటించిన రేట్లు ఉత్తర్వు కాగితం దాటి ఎన్ని గడపలు తొక్కాయో మన ఇళ్లలోనే విచారించుకోవచ్చు. ఇన్‌స్పెక్టరు ప్రతి ఇంటి తలుపూ తట్టలేడు. కనుక రేటు నలుగురి నోటా నానడమే అన్నిటికన్నా గట్టి తనిఖీ.

ఈ విషయంలో ప్రభుత్వ రంగ సంస్థలు తలచుకుంటే రేపే మార్గం చూపగలవు. కిరండూల్, బచేలీ ఉద్యోగుల కాలనీలు జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఆవరణలోనివే. క్వార్టరు కేటాయించేటప్పుడు విధించే నిబంధనల సరసన, ఇంటిపనికి చెల్లించవలసిన గంట రేటును, వారపు సెలవును చేర్చి నోటీసు బోర్డుపై అతికించడానికి ఏ పార్లమెంటు అనుమతీ అక్కరలేదు. టన్ను ఖనిజం ధర ప్రకటించే సంస్థకు గంట శ్రమ ధర ప్రకటించడం కష్టం కాబోదు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు, వారి సంఘాలు ఈ ప్రయత్నానికి ముందు నిలిస్తే తాము నివసించే నేల రుణం కొంత తీర్చుకున్నవారవుతారు.

ఉప్పుకు సారపప్పు కొలిపించుకున్న వర్తకుడు తనను తాను దొంగ అనుకోలేదు. సంతలో అందరూ అలాగే కొంటున్నారని సరిపెట్టుకున్నాడు. పొరుగింటివారు ఇచ్చినంతే ఇస్తున్నామనే నేటి గృహస్థు సమాధానం దానికి భిన్నమైనది కాదు. సారపప్పు అసలు విలువ గిరిజనులకు తెలిసిన నాడు ఆ బేరం చెల్లకుండా పోయింది. గంట శ్రమ విలువ ఆ శ్రమ చేసే స్త్రీకి తెలిసే నాడు ఈ బేరమూ చెల్లదు. ఆ రోజు వచ్చేదాకా ఎదురుచూడకుండా, ఈ నెల జీతం చేతిలో పెట్టేటప్పుడే ఆ లెక్కను ఆమెకు విప్పి చెప్పడం మర్యాదస్తుల లక్షణం.